జిల్లా మీట్ ఫలితాలు ఆన్‌లైన్‌లో: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: గుంటూరు బీఆర్ స్టేడియంలో స్కూలు పిల్లలకు ఒకరోజు అథ్లెటిక్స్ మీట్ పెడుతున్నాం. ఇన్నాళ్లూ ఫలితాల కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేవాళ్లం. ఖర్చు లేకుండా వెబ్‌సైట్‌లో పెట్టే దారి ఉందా? (పీఈటీ, తెనాలి)

జవాబు: ఉంది. స్విట్జర్లాండ్‌లో తయారైన ‘అథ్లెటికా’ అనే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) ప్రోగ్రామ్‌లో ఎంట్రీల నుంచి ఫలితాల దాకా అన్నీ ఉన్నాయి. కాకపోతే పీహెచ్‌పీ (వెబ్ ప్రోగ్రామింగ్ భాష), మైఎస్‌క్యూఎల్ (డేటాబేస్) తెలిసిన మనిషి పక్కనే ఉండాలి. ఒకరోజు మీట్‌కు అంత హంగామా దేనికి? లిబ్రే ఆఫీస్ కాల్క్ (ఎక్సెల్ లాంటి పట్టికల ప్రోగ్రామ్), హ్యూగో (వెబ్ పేజీలు తయారుచేసే ప్రోగ్రామ్), గిట్‌హబ్ పేజెస్ (ఆ పేజీలను ఇంటర్నెట్‌లో ఉంచే సర్వీసు) చాలు. మొదటి రెండూ ఓపెన్ సోర్స్. మూడోది కాదు గానీ, పబ్లిక్ రిపాజిటరీకి (అందరికీ కనిపించేలా ఫైళ్లు ఉంచే చోటుకు) డబ్బులడగదు.

ఒక్కో ఈవెంట్‌కు ఒక్కో షీటు తెరవండి. స్థానం, బిబ్ నంబరు (చొక్కా మీది నంబరు), పేరు, స్కూలు, హీటు (ఏ విడత పరుగో), లేన్, టైము, గాలి, స్థితి అని కాలమ్స్ పెట్టండి. పరుగుకు రానివాళ్ల టైములో సున్నా కొట్టకండి. సార్ట్ చేయగానే రానివాడే ఫస్ట్ వస్తాడు. టైము ఖాళీగా వదిలి, స్థితిలో డీఎన్ఎస్ (డిడ్ నాట్ స్టార్ట్) అని రాయండి. పుట్టిన తేదీ, ఫోన్ నంబరు ఈ షీటులోకే రానివ్వొద్దు. అండర్-14, అండర్-16 అని విభాగం రాస్తే సరిపోతుంది.

షీటును సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలుండే మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేసేటప్పుడు అక్షరాల పద్ధతిగా యూటీఎఫ్-8 ఎంచుకోండి, లేకుంటే తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలైపోతాయి. ‘సెల్‌లో కనిపించినట్టే సేవ్ చేయి’ అనే గడికి టిక్ ఉండాలి. ఆ ఫైలును హ్యూగోలోని అసెట్స్ ఫోల్డర్‌లో పెట్టి, ట్రాన్స్‌ఫార్మ్.అన్‌మార్షల్ (transform.Unmarshal) అనే హ్యూగో ఫంక్షన్‌తో టెంప్లేట్‌లోకి (పేజీ నమూనాలోకి) చదివించాలి. ఇలా చదివిన సీఎస్‌వీలో అంకెలు కూడా అక్షరాలుగానే వస్తాయి. అక్కడ సార్ట్ చేయిస్తే 9.98 కంటే 10.01 ముందుకొస్తుంది. అందుకే వరస కాల్క్‌లోనే తేల్చుకుని, హ్యూగోను చూపించడానికే వాడండి.

ప్రశ్న: 1500 మీటర్ల టైము 4:35 అని కొడితే గడియారం టైములా మారిపోతోంది. 100 మీటర్లలో ఇద్దరికీ 11.4 వచ్చింది, కంప్యూటర్ వరస తారుమారు చేసింది. (విజయవాడ, పటమట)

జవాబు: 4:35 అంటే కాల్క్‌కు నాలుగు గంటల ముప్పై అయిదు నిమిషాలే. టైము కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి. సార్ట్ చేయడానికి పక్కన ఇంకో కాలమ్‌లో మొత్తం సెకన్లు (275.0) రాయండి.

రెండోది కంప్యూటర్ తప్పు కాదు. చేత్తో నొక్కే స్టాప్‌వాచ్ టైమును సెకనులో పై పదో వంతుకు పెంచి రాయాలి: వాచ్‌లో 11.31 ఉన్నా 11.39 ఉన్నా ఫలితం 11.4 (సరిగ్గా 11.30 అయితే 11.3). మూడు వాచ్‌లు మూడు రకాలుగా చూపిస్తే మధ్యది తీసుకోవాలి. రెండే ఉండి తేడా వస్తే ఎక్కువది. ఇలా పెంచాక ఒకే హీటులో ఇద్దరికి ఒకే టైము రావడం మామూలే. ఎవరు ముందో ఫినిష్ జడ్జీలు చెప్తారు, వాచ్ కాదు. స్థానం కాలమ్‌లో వాళ్లిచ్చిన అంకే వేసి, హీటు లోపల దాని ప్రకారమే సార్ట్ చేయండి.

చేతి టైమును 11.40 అని రాయడం చాలా మీట్లలో చూస్తాం. అది తప్పు. వెనకాల సున్నా చేరిస్తే చూసేవాళ్లు ఎలక్ట్రానిక్ టైము అనుకుంటారు. రెండు రకాల టైములనూ ఒకే పట్టికలో కలపొద్దు.

ప్రశ్న: మా దగ్గర గాలి మీటరు ఉంది. ఆ అంకె వెబ్‌సైట్‌లో అవసరమా? (ఒక కోచ్, మంగళగిరి)

జవాబు: తప్పనిసరి. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 13.09 సెకన్లలో పరుగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అయినా వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2.1 మీటర్లు ఉండటంతో అది రికార్డు కాలేదు, హద్దు 2.0. తర్వాతి నెలలో సైప్రస్‌లో 13.23 పరుగెత్తాకే రికార్డు ఆమె పేరున చేరింది. 200 మీటర్ల దాకా పరుగులకు ఒక్కో హీటుకు ఒక్కో అంకె ఉంటుంది. లాంగ్ జంప్‌లో ఒక్కో జంప్‌కు ఒక్కోటి. ప్లస్, మైనస్ గుర్తు మరవొద్దు: +1.4 (వెనక గాలి) వేరు, -1.4 (ఎదురుగాలి) వేరు.

ప్రశ్న: అప్‌లోడ్ చేసినా కొందరి ఫోన్లలో పాత ఫలితమే కనిపిస్తోంది. ఎందుకు? (గుంటూరు, బ్రాడీపేట)

జవాబు: గిట్‌హబ్ పేజెస్ ఇచ్చిన పేజీని ఫోన్ పది నిమిషాల దాకా దాచుకుని చూపిస్తుంది. పైగా మామూలు పద్ధతిలో గంటకు పది బిల్డ్‌లకు (సైటును మళ్లీ తయారుచేయడాలకు) మించొద్దని వాళ్ల పరిమితి. హీటు హీటుకూ అప్‌లోడ్ చేయకుండా, ఈవెంట్ అయ్యాక ఒకసారి పెట్టండి. ప్రతి పేజీ పైన ఫలితం ప్రకటించిన టైము వేయండి, ఎందుకంటే అభ్యంతరం చెప్పడానికి అధికారిక ప్రకటన నుంచి 30 నిమిషాలే గడువు. రెఫరీ సంతకం చేసిన కాగితం నోటీసు బోర్డు మీద యథావిధిగా ఉండాలి. వెబ్ పేజీ దానికి నకలే. క్యూఆర్ కోడ్ ప్రింటు తీసి ఆ బోర్డు పక్కనే అంటించండి.