పాట ముగిశాక పోస్టు ఖర్చు పెంచితే ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది గుంటూరు. పాత తపాలా బిళ్ళలు, ఫస్ట్ డే కవర్లు (బిళ్ళ విడుదలైన రోజు ముద్ర వేసిన కవర్లు) సేకరిస్తాను. ముంబై నుంచి ఒక యాప్‌లో ప్రతి ఆదివారం వేలం నడిపే అమ్మకందారు దగ్గర నాలుగు లాట్లు (ఒక్కో పాటకు పెట్టే వస్తువు లేదా కట్ట ఒక లాటు) పాడుకున్నాను. నాలుగూ కలిపి 2,350 రూపాయలు. ప్రతి లాటు కిందా ‘షిప్పింగ్ అదనం, యాక్చువల్స్ ప్రకారం’ అని ఉంది. పాట అయ్యాక బిల్లులో షిప్పింగ్ లాటుకు 180 చొప్పున 720, ప్యాకింగ్ లాటుకు 40 చొప్పున 160, ఇన్సూరెన్స్ 150, మొత్తం 1,030 వేశారు. 24 గంటల్లో కట్టకపోతే లాట్లు రద్దు చేసి బ్లాక్ చేస్తామన్నారు. కట్టేశాను. తీరా నాలుగూ ఒకే కవరులో వచ్చాయి. స్పీడ్ పోస్టు స్టిక్కరు మీద తూకం 310 గ్రాములు, కట్టింది 97 రూపాయలు. ఇన్సూరెన్స్ చేసిన గుర్తే లేదు. మిగతా డబ్బు రాబట్టవచ్చా? ఇంకో సంగతి: మా నాన్నగారి ఎల్పీ రికార్డులు వందకు పైగా ఉన్నాయి, వాటిని ఇలాగే వేలంలో అమ్మాలనుకుంటున్నాను. పోస్టు ఖర్చు ఎంత తీసుకోవచ్చు? దారిలో పగిలితే ఆ నష్టం ఎవరిది?

జవాబు: షిప్పింగ్ ఇంతకు మించి తీసుకోరాదని పరిమితి పెట్టిన చట్టం మన దేశంలో లేదు. 97 రూపాయల పోస్టుకు 300 తీసుకోవడం దానికదే నేరం కాదు. పాట ముగిసేలోపు కొనేవాడికి ఏం చెప్పారన్నదే అసలు ప్రశ్న. మీ కేసుకు బలం ఇచ్చేది స్టిక్కరు మీది 97 కాదు, లిస్టింగులోని ‘యాక్చువల్స్’ (నిజంగా అయిన ఖర్చు) అనే ఒక్క మాట.

వేలాన్ని 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 64వ సెక్షన్ పట్టించుకుంటుంది. సుత్తి దెబ్బతో గానీ, వాడుకలో ఉన్న మరో పద్ధతిలో గానీ పాట ముగిసిందని ప్రకటించగానే అమ్మకం పూర్తయినట్టు. మన ఊళ్ళలో ‘ఒకటోసారి, రెండోసారి, మూడోసారి’ అనడం అలాంటి పద్ధతే. యాప్‌లో గడియారం సున్నాకు రావడాన్నీ అలాగే చూడాలి. ఆ క్షణానికి లిస్టింగులో ఏ షరతులున్నాయో అవే ఒప్పందం. తర్వాత అమ్మకందారు చేర్చే ప్రతి రూపాయీ కొత్త ప్రతిపాదన కిందికి వస్తుంది. దానికి మీరు తల ఊపితేనే అది మీకు వర్తిస్తుంది.

కాబట్టి లిస్టింగులో ఏముందన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ‘షిప్పింగ్ లాటుకు 180’ అని ముందే స్పష్టంగా రాసి ఉంటే, ఎక్కువని తెలిసే పాడారు గనుక మీకు పెద్దగా దారి ఉండేది కాదు. నాలుగు లాట్లు ఒకే కవరులో పంపితే తగ్గించాలన్నది మర్యాదే తప్ప, షరతుల్లో లేకపోతే హక్కు కాదు. ‘యాక్చువల్స్’ అని రాస్తే మాత్రం పోస్టాఫీసుకు కట్టినంతే తీసుకోవాలి. ఏమీ రాయకపోతే అదే చట్టంలోని 36వ సెక్షన్ చూడాలి. వేరే ఒప్పందం లేనప్పుడు సరుకు ఉన్నచోటే అప్పగించాలి, అంటే రవాణా ఖర్చు కొన్నవాడిదే. కానీ సరుకును అప్పగించడానికి సిద్ధం చేసే ఖర్చు అమ్మినవాడిది. ప్యాకింగ్ ఈ రెండో దాని కిందికి వస్తుందని వాదించడానికి మంచి ఆధారం ఉంది.

ఈ లెక్కన మీ బిల్లు చూద్దాం. షిప్పింగ్‌లో న్యాయమైనది 97. ఇన్సూరెన్స్ 150, చేయని పనికి తీసుకున్న డబ్బు, పూర్తిగా వెనక్కి రావాలి. ప్యాకింగ్ సంగతి లిస్టింగులో లేదు కాబట్టి 160 కూడా అడగండి. మొత్తం 933 రూపాయలు. రాజీకి వస్తే ఒక్క కవరుకు 40 వదిలేసి 893కు ఒప్పుకోవచ్చు. నా ఉద్దేశంలో అంతకన్నా తగ్గాల్సిన పని లేదు.

ఇక అవతలి మనిషి ఎవరన్నది తేల్చుకోవాలి. 2020 జులై 23న వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం (6వ నియమం), మార్కెట్‌ప్లేస్‌లో (ఇతరులు తమ సరుకు అమ్ముకునే యాప్‌లో) అమ్మేవారు డెలివరీ, పోస్టేజీ, హ్యాండ్లింగ్ ఛార్జీలు, పన్నులతో సహా మొత్తం ధరను ఒకే అంకెగా, విడి వివరాలతో సహా చూపాలి. ‘హ్యాండ్లింగ్’ అనే పేరుతో తర్వాత దూర్చడానికి వీల్లేదు. అయితే క్రమం తప్పని వ్యాపారంగా కాకుండా సొంత వస్తువులు అమ్ముకునే వ్యక్తికి ఈ నియమాలు వర్తించవు. మీ అమ్మకందారు ప్రతి ఆదివారం వేలం నడుపుతున్నాడు గనుక ఆ మినహాయింపు అతనికి దొరకదు. అతను పాత వేలాలు తొలగించకముందే వాటి జాబితాకు స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి. ‘నేను ఇంట్లో పాతవి అమ్ముకునేవాణ్ణి’ అనే జవాబుకు అదే మందు.

దీనికి తోడు 2023 నవంబరు 30న నోటిఫై అయిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు 13 రకాల మోసపు ఎత్తుగడలను పేర్కొన్నాయి. ధరలో కొంత దాచి చివర్లో బయటపెట్టడం డ్రిప్ ప్రైసింగ్. అడగని ఇన్సూరెన్స్ బిల్లులో కలపడం బాస్కెట్ స్నీకింగ్. మీ ఫిర్యాదులో ఈ రెండు పేర్లూ రాయండి. యాప్ కంపెనీలు వీటిని చూస్తే కాస్త తొందరపడతాయి.

మీరు కట్టేశారు కదా, ఒప్పుకున్నట్టే కదా అని అతను అనవచ్చు. మీ కేసులో బలహీనమైన చోటు ఇదొక్కటే. కట్టేటప్పుడు ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే ఈ వాదన పుట్టేదే కాదు. ఇప్పటికీ మించిపోలేదు. రద్దు చేస్తామన్న బెదిరింపు మెసేజ్ మీ దగ్గర ఉంది. అసలు ఖర్చు 97 అని మీకు తెలిసింది పార్సిల్ చేతికొచ్చాకే. అందువల్ల తెలిసి ఒప్పుకున్నారని అనడం కష్టం. అయితే ఇంకా ఆలస్యం చేయకుండా ఈ వారంలోనే యాప్ చాట్‌లోనూ, ఈమెయిల్‌లోనూ ఇలా రాయండి:

‘ఫలానా తేదీ నాటి నాలుగు లాట్లకు షిప్పింగ్ యాక్చువల్స్ ప్రకారం అని మీ లిస్టింగులో ఉంది. నా వద్ద 1,030 రూపాయలు తీసుకున్నారు. స్పీడ్ పోస్టుకు కట్టింది 97. ఇన్సూరెన్స్ చేయలేదు. మిగిలిన 933 రూపాయలు 15 రోజుల్లో తిరిగి పంపండి. లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.’

కవరు పారేయకండి. స్టిక్కరు మీద తూకం, రుసుము, పన్ను, బుక్ చేసిన తేదీ, ఆర్టికల్ నంబరు ఉంటాయి. ఆ అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి, వెంటనే ఫోటో తీయండి. వ్యాపార ఖాతాల మీదా, కొరియర్ల ద్వారా వచ్చే పార్సిళ్ళ లేబుల్ మీద చాలాసార్లు డబ్బు ఉండదు, తూకం, కొలతలే ఉంటాయి. అప్పుడు ఆ కొలతలతోనే లెక్క కట్టాలి.

ఈ లెక్కలోనే చాలామంది కొనేవాళ్ళు తప్పులో కాలేస్తారు. కొరియర్లు అసలు తూకం, పెట్టె పరిమాణాన్ని బట్టి వచ్చే తూకం రెండూ చూసి, ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలా కంపెనీలు 5000తో భాగిస్తాయి. కొన్ని ఇంకా చిన్న అంకెతో భాగిస్తాయి, అప్పుడు తూకం పెరుగుతుంది. 30, 25, 20 కొలతలున్న పెట్టెలో అరకిలో వస్తువున్నా 3 కిలోల డబ్బు పడుతుంది. కాబట్టి ‘అరకిలోకు ఇంతా?’ అని గొడవకు దిగే ముందు టేపు పెట్టి కొలవండి. మీ కవరు విషయంలో ఈ సందేహం లేదు, డబ్బు స్టిక్కరు మీదే ఉంది.

ముందు యాప్‌లోని గ్రీవెన్స్ ఆఫీసరుకు ఫిర్యాదు పెట్టండి. 48 గంటల్లో అందిందని చెప్పి, నెల రోజుల్లో పరిష్కరించాలన్నది నియమం. ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే చెప్పవచ్చు. వాళ్ళు తీర్పు ఇవ్వరు, కంపెనీని కదిలిస్తారు. చిన్న మొత్తాలు చాలావరకు ఈ దశలోనే వెనక్కి వస్తాయి.

అక్కడా రాకపోతే గుంటూరు జిల్లా కమిషన్. అమ్మకందారు ముంబైలో ఉన్నా సరే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటే వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన మొత్తం 5 లక్షల వరకు ఉంటే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. వినియోగదారుల కేసుల ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్ళు. అమ్మకందారుతో పాటు యాప్ కంపెనీనీ ప్రతివాదిగా చేర్చండి, అతని చిరునామా దొరకనప్పుడు నోటీసు అందేది కంపెనీకే. స్క్రీన్‌షాట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ) జతచేస్తే వాటి మీద అభ్యంతరం వచ్చే అవకాశం తగ్గుతుంది. 933 రూపాయలకు తోడు వడ్డీ, తిరుగుడు ఖర్చులు, మానసిక వేదనకు పరిహారం అడగండి. పోలీసుల దగ్గరికి మాత్రం దీనికోసం వెళ్ళకండి. సరుకే పంపకుండా డబ్బు మింగితే అది వేరే సంగతి, అప్పుడు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

ఒక హెచ్చరిక. ఈ బిళ్ళలు తిరిగి అమ్మడానికి కొన్నానని ఎక్కడా రాయకండి, అది నిజమైతే ఈ దారి ఎంచుకోకండి. మళ్ళీ అమ్మడానికి కొన్నవాడు చట్టం దృష్టిలో వినియోగదారు కాడు. రికార్డుల అమ్మకానికీ, బిళ్ళల సేకరణకూ ఒకే యాప్ ఖాతా వాడితే అవతలి లాయరు పట్టుకునేది దీన్నే. రెండు ఖాతాలు పెట్టుకోండి.

ఇప్పుడు మీ ఎల్పీల సంగతి. నాన్నగారి సొంత రికార్డులు అమ్ముకుంటున్నారు కాబట్టి ఈ-కామర్స్ నియమాలు మీకు వర్తించవు. అవి అయిపోయాక బయట కొని వారం వారం అమ్మడం మొదలుపెడితే మాత్రం వర్తిస్తాయి. అప్పుడు జీఎస్టీ సంగతీ చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ ఉన్న అమ్మకందారు సరుకుతో కలిపి తీసుకునే ప్యాకింగ్, పోస్టేజీ కూడా సరుకు విలువలోనే కలుస్తాయి, సరుకు రేటే వాటికీ పడుతుంది. పోస్టు ఖర్చు పేరుతో ధర చీల్చితే పన్ను తగ్గదు.

పోస్టు ఖర్చు ఎంత రాయాలో తేలాలంటే పాట పెట్టకముందే ఒక నమూనా పెట్టె కట్టి తూయండి. అయిదు ఎల్పీలకు 35, 35, 10 సెంటీమీటర్ల పెట్టె పడితే, 5000 లెక్కన 2.45 కిలోలు. రికార్డులు, అట్టలు కలిపినా అసలు తూకం దానికన్నా తక్కువే ఉంటుంది. కొరియర్ మీ దగ్గర ఈ పెద్ద అంకెకే డబ్బు తీసుకుంటుంది, మీరు తూకం చూసి ధర రాస్తే మీ చేతి డబ్బు పోతుంది. రికార్డును కవర్లోంచి తీసి, కవరు పక్కనే విడిగా పెట్టి, రెండువైపులా గట్టి అట్టలు వేసి కట్టాలి. కవర్లోనే ఉంచి పంపితే దారిలో కుదుపుకు రికార్డు అంచు కవరు అంచును చీల్చేస్తుంది. అప్పుడు కొన్నవాడు ‘వర్ణించినట్టు లేదు’ అంటే కాదనలేరు.

లిస్టింగులో ఈ వాక్యం రాస్తే చాలు: ‘పాటధర మీద ఒక పెట్టెకు (5 ఎల్పీల దాకా) ప్యాకింగ్‌తో కలిపి ఇంత రూపాయలు, ఒకేరోజు ఎన్ని లాట్లు పాడుకున్నా 5 దాకా ఒకే పెట్టె, ఒకే ఛార్జీ, ఇన్సూరెన్స్ కావాలంటే అదనం, పంపేముందు చెప్పాలి.’ అంకె ముందే ఉంది గనుక అందులో మీ అట్టపెట్టె, టేపు, ఆటో ఖర్చు కలుపుకున్నా తప్పు లేదు. ‘యాక్చువల్స్’ అనే మాట మాత్రం మీరు రాయకండి. రాస్తే ప్రతి రసీదూ చూపించాలి, అట్టపెట్టె ఖర్చు మీ మీదే పడుతుంది. పాట తక్కువకు పోయిందని తర్వాత షిప్పింగ్‌లో పూడ్చుకోవడం కుదరదు. ఇంతకన్నా తక్కువకు అమ్మనని అనుకుంటే కనీస ధర పెట్టుకోండి, 64వ సెక్షన్ దానికి ఒప్పుకుంటుంది. మీ మనిషితో దొంగపాట పాడించి ధర పెంచితే మాత్రం కొన్నవాడు అమ్మకాన్నే రద్దు చేసుకోవచ్చు.

పగిలితే ఎవరిదన్నదానికి 39వ సెక్షన్ జవాబు చెబుతుంది. కొన్నవాడి కోరిక మీద కొరియర్‌కు అప్పగిస్తే మామూలుగా కొన్నవాడికి అప్పగించినట్టే, ఆ తర్వాత దారిలో నష్టం అతనిదే. కానీ సరుకు స్వభావాన్ని బట్టి కొరియర్‌తో సరైన ఒప్పందం చేసుకోవాల్సిన బాధ్యత మీది. అది చేయకపోతే ఆ నష్టం కొన్నవాడు మీ మీదికి నెట్టవచ్చు. వారం వారం అమ్మే వ్యాపారికి ఈ రక్షణ దాదాపు ఉండదు, పగిలి చేరింది వెనక్కి తీసుకోవాల్సిందే. స్పీడ్ పోస్టులో పార్సిల్ పోయినా పాడైనా, ఇన్సూరెన్స్ లేకపోతే, దక్కేది కట్టిన రుసుముకు రెట్టింపు లేదా 1,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. నాలుగు వేలకు పోయిన రికార్డుకు అది ఏ మూలకూ రాదు. అందుకని విలువైన లాటుకు ఇన్సూరెన్స్ కావాలా, వద్దా అని పాడుకున్నవాణ్ణి రాతపూర్వకంగా అడగండి. వద్దంటే ఆ జవాబు దాచుకోండి. పెట్టె మూసేముందు లోపలి ప్యాకింగ్‌కు రెండు ఫోటోలు తీయండి, తూకం యంత్రం మీద పెట్టి ఇంకొకటి.