వంటింటి ప్రశ్నలు – జవాబులు: చేతి చాపర్లు ప్రకటనలో చూపినట్టు తరుగుతాయా?

ప్రశ్న: టీవీలో చేతి చాపర్ తాడు నాలుగుసార్లు లాగగానే ఎర్రగడ్డలు సన్నగా, సమంగా తరిగి వస్తున్నాయి. మేం కొన్న డబ్బాలో సగం ముద్ద, సగం పెద్ద ముక్కలు, అడుగున నీళ్లు. మాకు నకిలీది అంటగట్టారా?
– ఒక గృహిణి, ఆదోని

జవాబు: నకిలీది అయ్యుండక్కర్లేదమ్మా, ఆ డబ్బా పనిచేసే తీరే అంత. తాడు లాగితే గిన్నెలోని కత్తి గిర్రున తిరుగుతుంది. వదిలితే మూతలోని చుట్ట స్ప్రింగు తాడును వెనక్కి చుట్టుకుంటుంది. కత్తి తనకు అందిన ముక్కనల్లా కొడుతూ పోతుంది. అడుగున ఉన్న ముక్కకు పది దెబ్బలు పడేలోపు పైన ఇరుక్కున్నదానికి ఒక్కటీ పడదు. అందుకే ముద్దా, పెద్ద ముక్కలూ ఒకే గిన్నెలో కనిపిస్తాయి.

గడ్డను ఎనిమిది భాగాలు చేసి, పొరలు విడదీసి వేయండి. గిన్నె సగానికి మించి నింపొద్దు. ఐదారుసార్లు తాడు పూర్తిగా, గట్టిగా లాగి ఆపండి. మూత తీసి, గోడలకు అంటుకున్న ముక్కల్ని గరిటెతో కిందికి తోసి, మళ్లీ రెండు మూడుసార్లు లాగితే చాలు. పది పన్నెండు లాగుళ్లు దాటితే నీరు ఊరుతుంది. నీరు ఊరిన ముక్క నూనెలో వేగదు, ఉడుకుతుంది. మసాలా ఎర్రబడకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఉగ్గానికి మాత్రం దీన్ని వాడకండి. బొరుగుల్లో కలవాల్సింది నిలువు చీలికలు, అవి ఈ డబ్బాలో రావు. ఆమ్లెట్, కీమా, మసాలా ముద్దకు బాగా పనికొస్తుంది. కొత్తిమీర వేసేటప్పుడు తడి పూర్తిగా ఆరి ఉండాలి, లేకపోతే ఆకు నలిగి నల్లబడుతుంది.

ప్రకటనల్లో చెప్పే ‘కంట్లో నీళ్లు రావు’ అనే మాట మూత ఉన్నంతసేపే నిజం. గడ్డ తెగినప్పుడు పుట్టే ఘాటు వాయువు లోపలే నిలిచి, మూత తీయగానే ఒక్కసారిగా ముఖానికి కొడుతుంది. మన కడప జిల్లా కృష్ణాపురం గడ్డల లాంటి ఘాటు రకమైతే పొట్టు తీసి అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తరగండి, తేడా తెలుస్తుంది.

ఇక ‘పది సెకన్లలో తరిగేస్తుంది’ అనే ప్రకటన మాట. పొట్టు తీయడం, ముక్కలు చేయడం, తర్వాత గిన్నె, కత్తి, మూత కడగడం ఆ లెక్కలో లేవు. రెండు గడ్డలకైతే కత్తిపీటే త్వరగా తెములుతుంది. కిలో తరగాల్సిన రోజున ఈ డబ్బా నిజంగా చేయి కాపాడుతుంది. మూతను మాత్రం నీళ్లలో ముంచొద్దు, స్ప్రింగు తుప్పు పట్టి తాడు వెనక్కి పోవడం మానేస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ప్రశ్న: మూత నొక్కితే చదరపు ముక్కలు పడే డైసర్ కొన్నాం. క్యారెట్ పెట్టి నొక్కగానే మూత కీలు విరిగింది.
– ప్రొద్దుటూరు పాఠకురాలు

జవాబు: చిన్న గళ్ల పలకలో బ్లేడ్లు ఎక్కువ. అన్నీ ఒకేసారి దిగాలి కాబట్టి బలమూ ఎక్కువ కావాలి. క్యారెట్ నలగదు. బ్లేడ్ల మధ్య మేకులా బిగుసుకుంటుంది, ఆ ఒత్తిడంతా ప్లాస్టిక్ కీలు మీద పడుతుంది. క్యారెట్, ఉర్లగడ్డలకు పెద్ద గళ్ల పలకే వాడండి. వేలి మందానికి మించకుండా కోసి, చదునైన వైపు బ్లేడ్ల మీద ఉండేలా పెట్టి, రెండు అరచేతులతో ఒక్క ఊపున నొక్కండి. ఎర్రగడ్డనూ సగానికి కోసి, కోసిన ముఖం కిందికే పెట్టాలి. కంద, గుమ్మడి దీని జోలికి తేవద్దు.

ప్రశ్న: చిప్స్ కోసం స్లైసర్ కొనాలనుంది. పదును ఎప్పటికీ పోదంటున్నారు, వేళ్లు తెగుతాయేమోనని భయం.
– తాడిపత్రి పాఠకురాలు

జవాబు: ఈ సామాన్లన్నిటిలో చెప్పిన పని చెప్పినట్టు చేసేది స్లైసరే. ఉర్లగడ్డను ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందంలో, చివరిదాకా ఒకే తీరున కోస్తుంది. చేతికి అంత సమంగా రావడం కష్టం. కోసిన బిళ్లల్ని నీళ్లు తేటపడేదాకా కడిగి, గుడ్డ మీద ఆరబెట్టాకే నూనెలో వేయండి. పిండిపదార్థం మిగిలితే బిళ్లలు అతుక్కుంటాయి.

భయం సరైనదే. వేళ్లు తెగేది ఎక్కువగా చివరి ముక్క దగ్గర. ముక్కను పట్టుకునే తొడుగు (హ్యాండ్ గార్డ్) లేకుండా ఒక్కసారి కూడా కోయొద్దు. చివర మిగిలే అంగుళం ముక్కను సాంబారులో వేసుకోండి. సబ్బు నురగలో మునిగిన బ్లేడు కంటికి కనిపించదు కాబట్టి సింకులో వదిలేయకుండా వెంటనే కుళాయి కింద కడగండి.

పదును పోని ఉక్కు లేదు. కీరదోస బిళ్ల అంచు చిరిగినట్టు వస్తే మొద్దుబారిందని అర్థం. మొద్దు బ్లేడుకు ఎక్కువ బలం పెడతాం, అప్పుడే చేయి జారుతుంది. తిన్నటి బ్లేడైతే, ఊడి వచ్చే రకమైతే సాన పట్టించుకోవచ్చు. రంపపు పళ్ల బ్లేడుకు ఇంట్లో పదును పెట్టడం కుదరదు, కాబట్టి కొనేముందే విడి బ్లేడు దొరుకుతుందో లేదో అడగండి. టమోటా కూడా కోయాలంటే ‘వి’ ఆకారపు బ్లేడు తీసుకోండి, నలగకుండా తెగుతుంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో తెప్పించిన కత్తెర చాపర్‌తో (కత్తెరలా నొక్కితే బ్లేడు కింది పలక మీద పడేది) మటిక్కాయలు (గోరుచిక్కుళ్లు) తరిగితే ముక్కలు పీచుతో వేలాడుతున్నాయి. అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోనంటున్నారు.
– గుంతకల్లు పాఠకుడు

జవాబు: బ్లేడు కింది పలకను పూర్తిగా తాకకపోతే ఆఖరి పీచు తెగదు. నాలుగైదు కాయలే తీసుకుని, కీలుకు దగ్గరగా పెట్టి చూడండి, అక్కడ బలం ఎక్కువ. అప్పటికీ తెగకపోతే వస్తువు ప్రకటనలో చెప్పినట్టు లేదన్నమాట. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అలాంటి వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ప్రకటన తీసేయకముందే దాని స్క్రీన్‌షాట్, బిల్లు, కాయలు తెగకపోవడం కనిపించే చిన్న వీడియో దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు, 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు.