సగటు చూసుకుని ఈఎంఐకి ఒప్పుకోకండి

ప్రశ్న: సొంతంగా ఫొటోలు తీసే పని చేస్తున్నాను. ఖర్చులు పోను ఈ నెల 2,000 మిగులుతోంది. పని పెరుగుతోంది కాబట్టి నెలనెలా ఇంకో 1,000 చొప్పున పెరిగి, పన్నెండో నెలకు 13,000 అవుతుంది. అంటే సగటున 7,500. ఏడాది అప్పు మీద 80,000 కెమెరా తీసుకుంటే ఈఎంఐ కూడా 7,500 (ఫ్లాట్ వడ్డీ 12.5 శాతం, అంటే బాకీ తగ్గుతున్నా ఏడాదంతా మొత్తం 80,000 మీదే వడ్డీ). మొదటి నెలల్లో తక్కువైంది క్రెడిట్ కార్డుతో సర్దుకోవచ్చా? నెల ఖర్చు 25,000. దాచింది ఏమీ లేదు.

జవాబు: వద్దండి. మీ లెక్క తప్పని కాదు. ఒకే తేడాతో పెరిగే అంకెలకు మొదటిదీ చివరిదీ కలిపి సగం చేస్తే సగటు వస్తుంది, నిజమే. కానీ మీ చేతికి 7,500 వచ్చే నెల ఒక్కటీ లేదు. ఆరో నెల 7,000, ఏడో నెల 8,000. ఈఎంఐ మాత్రం మొదటి నెల నుంచే 7,500 కట్టాలి. తొలి నెలలో 5,500 తక్కువ, మలి నెలలో 4,500... ఆరు నెలలకు లోటు 18,000. తర్వాతి ఆరు నెలల్లో అదనంగా వచ్చేదీ సరిగ్గా 18,000. మరి కార్డు వడ్డీ ఎక్కడి నుంచి కడతారు? అప్పు తీర్చడానికి అప్పు చేయడం దగ్గరే చాలామంది మునిగిపోతున్నారు. దయచేసి ఆ దారి పట్టకండి.

సగటు నిజంగా వాడాల్సిన చోట మీరు వాడలేదు. బాకీ 80,000తో మొదలై, నెలకింత తగ్గుతూ చివరి నెలలో 6,700 దగ్గరికి వస్తుంది. ఏడాదంతా మీ దగ్గర ఉండే అప్పు సగటున 43,000 మాత్రమే. దానికి 10,000 వడ్డీ! 12.5 అని చెప్పింది అసలుకి 22, 23 శాతం దగ్గర పడుతోంది.

అన్నిటికన్నా నాకు భయం వేసింది మీ చివరి మాటకి. దాచింది ఏమీ లేదన్నారు. అయిదో నెలలో జ్వరమొచ్చి పని ఆగి, మిగులు సున్నా అయిందనుకోండి. అసలు సగటు 7,000కి పడిపోతుంది. మొదటిదీ చివరిదీ కలిపి సగం చేస్తే మాత్రం ఇంకా 7,500 అనే వస్తుంది, మధ్యలో ఏం జరిగిందో ఆ లెక్కకు తెలియదు. సొంత పని చేసేవాళ్లకు ఇలాంటి నెల ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అందుకే ముందు అత్యవసర నిధి, ఆ తర్వాతే కెమెరా. కనీసం మూడు నెలల ఖర్చు, అంటే 75,000. మీరు చెప్పినట్టే మిగిలితే పదకొండో నెలకు 77,000 చేరుతుంది. దాన్ని ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే పొదుపు ఖాతాలో ఉంచండి. షేర్లు, ఫండ్లు ఇప్పుడు వద్దు.

పన్నెండో నెల నుంచి 13,000 చొప్పున పక్కన పెడితే, ఆ 77,000లో నిధికి పోను మిగిలిన 2,000తో కలిపి పదిహేడో నెలకు సరిగ్గా 80,000. అప్పటిదాకా కెమెరా అవసరమైన రోజు అద్దెకు తెచ్చుకోండి. ఆరోగ్య బీమా లేకపోతే మాత్రం ఈ నెల మిగిలే 2,000 నుంచే దానికి కట్టడం మొదలుపెట్టండి, కెమెరా ఒకటి రెండు నెలలు వెనక్కి జరిగినా సరే.