లోపలివైపు తిప్పి చూడమ్మా

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది చిత్తూరు. వయసు 37. బట్టల షాపులో సేల్స్‌లో చేస్తున్నాను. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే పని. మార్చి వచ్చిందంటే నాకు టెన్షన్ మొదలు. బ్రా కింది బెల్టు ఉండే చోట చెమటకి ఒరుసుకుపోయి ఎర్రగా అవుతుంది, సాయంత్రానికి ఒకటే మంట. భుజాల మీద పట్టీలు గాడులు పడతాయి. నేను వేసుకునేది 36 బి, రెండు వందలకి వచ్చే మామూలు రకం. ఫోన్‌లో చూస్తే ఆర్గానిక్ కాటన్ అని, వెదురు గుడ్డ అని తొమ్మిది వందలు, పన్నెండు వందలు చెప్తున్నారు. అంత పెట్టి కొంటే ఈ బాధ పోతుందా? మా అమ్మేమో "టైలరు దగ్గర కుట్టించుకునే బాడీలే మేలు, ఇవన్నీ ఎందుకే" అంటోంది. మగవాళ్లుండే షాపులో ఇవన్నీ అడగలేను. పేరు వేయకండి.
— ఒక చెల్లెలు, చిత్తూరు

జవాబు: తల్లీ, నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు నా మిషన్ పక్కన నిలబడి చెప్తున్నట్టే ఉంది. తిరుపతిలో గాంధీ రోడ్డు పక్క సందులో 28 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. కొలతలిచ్చి, అడ్వాన్సిచ్చి, చెప్పులు వేసుకునేటప్పుడు గొంతు తగ్గించి అడిగే మాట ఇదే. పట్టుచీర జాకెట్‌కి మెడ ఎంత దించాలో అరగంట చెప్పే ఆడవాళ్లు, రోజంతా ఒంటిని అంటుకుని ఉండే గుడ్డ గురించి అడగడానికి అంత మొహమాటపడతారు. నువ్వు రాశావు, చాలా మంచి పని చేశావు.

ముందు చర్మం సంగతి. ఇప్పటికీ ఎర్రగా ఉంటే, చర్మం చీలినా, వాసన వస్తున్నా, దురద తగ్గకపోయినా ఏ బ్రా కొనే ముందైనా చర్మం డాక్టరుకి చూపించుకో. మడతల్లో చెమట నిలిస్తే ఫంగస్ చేరుతుంది, అది గుడ్డ మార్చినంత మాత్రాన పోదు. మెడికల్ షాపులో అడిగి ట్యూబు తెచ్చి రాయకు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు చల్లబడినట్టు అనిపించి, తర్వాత ఇంకా పాకుతుంది. మా దగ్గరైతే రుయా ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది, మీ ఊళ్లోనూ డాక్టర్లున్నారు. ఈలోపు స్నానం చేశాక ఆ చోట తడి లేకుండా అద్దుకుని, ఉతికి ఉతికి మెత్తబడిన పాత మల్ గుడ్డ ముక్క మడిచి కింద పెట్టుకో. తడిసినప్పుడల్లా మార్చుకో.

నువ్వు గుడ్డ గురించే అడిగావు. కానీ భుజాల మీద గాడులు అని చదవగానే నా చెయ్యి టేపు మీదికి పోయింది. పోయిన ఎండాకాలం చంద్రగిరి నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ఆమెదీ 36 బి, ఆమెదీ ఇదే బాధ. వెనక్కి తిరగమన్నాను. బెల్టు వీపు మధ్యకి ఎక్కి ఉంది. పట్టుకుని లాగితే నా అరచెయ్యి మొత్తం దూరింది. బరువు మోయాల్సింది ఆ కింది బెల్టే. అది వదులైతే బరువంతా భుజం పట్టీల మీద పడుతుంది. పైగా వదులు బెల్టు చెమటలో పైకీ కిందికీ జరుగుతూ పొద్దస్తమానం చర్మాన్ని రాస్తూనే ఉంటుంది. ఆ రాపిడికి ఎంత మెత్తటి గుడ్డైనా ఒరుసుకుపోతుంది.

కొలిచాను. రొమ్ము కింద 32 అంగుళాలు, రొమ్ము మీద 36. తేడా నాలుగు. ఒక అంగుళం తేడా ఉంటే ఎ, రెండుంటే బి, మూడుంటే సి, నాలుగుంటే డి. అంటే ఆమెది 32 డి. డి అనగానే ఆమె "అంత పెద్దదా?" అని గాబరా పడింది. 36 బి, 34 సి, 32 డి ఈ మూడింటికీ కప్పులో పట్టే కొలత ఒకటే, మారేది బెల్టు పొడవు. మన ఊరి షాపుల్లో 32 డి ఉంచడం తక్కువ కాబట్టి చేతికొచ్చిన 36 బి ఇచ్చి పంపుతారు, మనం ఏళ్ల తరబడి అదే మన సైజు అనుకుంటాం. ఆమెకీ 32 డి దొరకలేదు. 34 సి కొంచెం బిగుతుగా ఉన్న రకం తీసుకుంది. పదిహేను రోజుల తర్వాత జాకెట్ తీసుకోవడానికి వచ్చి, భుజం మీది గీత తగ్గిందని చూపించింది.

నువ్వూ ఇంట్లో కొలుచుకో. మందపాటి బ్రా మీద కొలవకు. ఊపిరి వదిలి, టేపు వెనకా ముందూ ఒకే ఎత్తులో ఉండేలా కింద ఒకసారి, మీద ఒకసారి. అమ్మనో చెల్లెలినో పట్టుకోమను, ఒంటరిగా అయితే వెనక టేపు జారిపోతుంది. కొన్ని కంపెనీలు కింది కొలతకి నాలుగైదు అంగుళాలు కలిపి నంబరు వేస్తాయి, అందుకని నా లెక్క పట్టుకుని వెళ్లినా ఆ కంపెనీ పట్టిక కూడా చూడు. కొత్తది వేసుకున్నప్పుడు అన్నిటికంటే వదులుగా ఉండే చివరి హుక్కుకే సరిగ్గా పట్టాలి. వాడేకొద్దీ ఎలాస్టిక్ సాగుతుంది, అప్పుడు లోపలి హుక్కులు పనికొస్తాయి. మొదటి రోజే లోపలి హుక్కు పెట్టుకోవాల్సి వస్తే ఆ బ్రా నీది కాదు.

ఇక ఆర్గానిక్. ఆ మాట పొలానికి సంబంధించింది. రసాయన ఎరువులు, పురుగుమందులు, బీటీ లాంటి విత్తనాలు లేకుండా పండించిన పత్తి అని దాని అర్థం. రైతుకీ నేలకీ మంచిదని కొంటే నేను సంతోషిస్తాను, నేనూ అందుకే కొంటాను. కానీ చెమట పీల్చడంలో ఆ పత్తీ మామూలు పత్తీ ఒకటే. మామూలు గాలిలోనే పత్తి తన బరువులో ఏడెనిమిది శాతం తేమ పట్టుకుంటుంది. పాలిస్టర్‌కి అర శాతం కూడా ఉండదు. నీ రెండు వందల బ్రా లోపల పాలిస్టర్ లైనింగ్, స్పాంజి ఉంటే చెమట పోయే దారి లేదు. కాబట్టి నీకు కావాల్సింది ముందు పత్తి, ఆ తర్వాత ఆర్గానిక్.

మరి ఎక్కువ డబ్బు దేనికి? గుడ్డకి వేసే రంగు, మడత పడకుండా వేసే మందు, ఇవి కొందరికి పడవు. లేబుల్ మీద జీఓటీఎస్ (గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్) అని గుర్తుంటే పత్తి పండించడం దగ్గర ఆగకుండా రంగులు, రసాయనాలు కూడా పరీక్షించినట్టు. అందులో "ఆర్గానిక్" అని ఉంటే కనీసం 95 శాతం ఆర్గానిక్ నూలు, "మేడ్ విత్ ఆర్గానిక్" అని ఉంటే కనీసం 70 శాతం. ఆ చిన్న మాట తేడాలో పాతిక శాతం పోతుంది, చూసుకో. గుర్తు కింద లైసెన్సు నంబరు ఉంటుంది, వాళ్ల వెబ్‌సైట్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది. నంబరు లేని ఆకుపచ్చ ఆకు బొమ్మకి విలువ ఇవ్వకు. 2020లో మన దేశం నుంచే 20,000 టన్నుల పత్తి దొంగ కాగితాలతో ఆర్గానిక్‌గా చలామణీ అయిందని ఆ సంస్థే బయటపెట్టింది. ఓకో టెక్స్ అని ఇంకో గుర్తు కనిపిస్తుంది. హాని చేసే పదార్థాలు లేవని పరీక్షించారని దాని అర్థం, ఆర్గానిక్ అని కాదు. ఒళ్లు సున్నితంగా ఉన్నవాళ్లకి అది కూడా చాలు.

వెదురు గుడ్డ గురించి మాత్రం నా అనుభవం చెప్పాలి. మూడేళ్ల కిందట పెట్టె మీద పచ్చటి వెదురు బొమ్మ, "నూటికి నూరు పాళ్లు సహజం" అన్న మాట చూసి రెండు తెప్పించాను. చెయ్యి పెడితే వెన్నలా జారింది. వారం రోజుల్లో చంకల పక్కన దద్దుర్లు. అప్పుడు లోపల కుట్టిన తెల్ల లేబుల్ కళ్లద్దాలు పెట్టుకుని చదివితే విస్కోస్, దాని వెనక పాలిస్టర్, దాని వెనక స్పాండెక్స్. వెదురుని రసాయనాల్లో కరిగించి, గుజ్జు చేసి, దారంగా తీస్తే వచ్చేది రేయాన్, విస్కోస్ అన్నది అందులో ఒక రకమే. దాన్ని ఉత్త వెదురు అని అమ్మకూడదని 2009లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కంపెనీల మీద చర్య తీసుకుంది. రేయాన్ చెడ్డదనను, చల్లగానే ఉంటుంది, కానీ తడిస్తే బలం తగ్గుతుంది. వెదురు ధర పెట్టి కొనాల్సిన పని లేదు. దారం పీకి కాల్చి చూస్తే తెలుస్తుందని చాలామంది అంటారు. పాలిస్టర్ అయితే కరిగి నల్లటి పూసలా గట్టిపడుతుంది, పత్తి కాగితంలా కాలి బూడిదవుతుంది, అంతవరకు నిజం. కానీ రేయాన్ కూడా కాగితంలాగే కాలుతుంది. ఆ పరీక్షతో వెదురు పేరు మీద జరిగే మోసం దొరకదు, లేబులే చదవాలి.

ఏ బ్రా అయినా నేను ముందు లోపలివైపు తిప్పుతాను. కప్పు పైకి మెరిసే గుడ్డ ఏదైనా కానీ, లోపలి పొర మెత్తటి నూలు అల్లికయి ఉండాలి. తర్వాత కింది బెల్టు. ఎలాస్టిక్ నేరుగా చర్మానికి తగులుతోందా, దాని మీద నూలు గుడ్డ కప్పి కుట్టారా అన్నది వేలితో రాసి చూడు. నీకు మంట పుట్టేది సరిగ్గా అక్కడే. రబ్బరు పడనివాళ్లుంటారు, హుక్కుల్లో, రింగుల్లో ఉండే నికెల్ పడనివాళ్లుంటారు. గిల్టు గాజులకి చేతులు దురద పెడుతుంటే నీకూ నికెల్ అనుమానమే, హుక్కుల వెనక గుడ్డ మడత వెడల్పుగా ఉన్నది తీసుకో. లేబుల్‌లో ఎలాస్టేన్ (స్పాండెక్స్‌కే ఇంకో పేరు, సాగే దారం) అయిదు, పది శాతం ఉన్నా భయం లేదు. అది అసలు లేకపోతే రెండు ఉతుకులకే గుడ్డ సాగి వేలాడుతుంది. ఆరేడు నెలలు లేబులు గుచ్చుకుంటుంటే భరించేవాళ్లని చూశాను, చదివాక కత్తిరించి పారెయ్యి.

మీ అమ్మ మాట కొట్టిపారేయకు. ఆమె కాలం బాడీలు కాంబ్రిక్ గుడ్డతో, క్రాస్ కటింగ్‌లో కుట్టేవాళ్లం. నేసిన గుడ్డ నిలువునా అడ్డంగా సాగదు, ఏటవాలుగా కత్తిరిస్తే సాగుతుంది, అందుకే ఎలాస్టిక్ లేకపోయినా ఒంటికి పట్టేది. ఇంట్లో ఉండే రోజుకి, రాత్రికి ఇప్పటికీ దాన్ని మించింది లేదు. పదకొండు గంటలు నిలబడే నీ పనికి మాత్రం బెల్టు పట్టు చాలదు. మీ దగ్గర కుట్టేవాళ్లుంటే రెండు కుట్టించుకో, గుడ్డని ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరబెట్టి ఇవ్వు. పత్తి మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది.

పత్తికీ ఒక లోపం ఉంది. పీల్చిన చెమటని వెంటనే వదలదు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కే రోజు నేను సంచిలో ఇంకో పొడి బ్రా పెట్టుకుని దారిలో మార్చుకుంటాను. నువ్వూ మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు మార్చుకో. అయిదు నిమిషాల పని, సాయంత్రం మంట సగం తగ్గుతుంది. ఉతికేటప్పుడు మెత్తబరిచే సువాసన ద్రవాలు వద్దు, అవి నూలు మీద పొరలా పట్టి చెమట పీల్చనివ్వవు. మా ఇంట్లో బోరు నీళ్లకి బకెట్ అంచున తెల్లగా సున్నం కడుతుంది. అలాంటి నీళ్లలో సబ్బు గుడ్డలోనే ఉండిపోతుంది, అందుకని ఒక జాడింపు ఎక్కువ. నీడన ఆరేస్తే ఎలాస్టిక్ నిలుస్తుంది.

పన్నెండు వందలు ఒకదానికే పెట్టకు. కొలత సరిగ్గా చూసుకుని, లోపల పూర్తిగా నూలున్న మామూలు కాటన్‌వి మూడు తీసుకుని మార్చి మార్చి వాడు. నెల తర్వాత మంట తగ్గకపోతే, రంగుల మీదో రబ్బరు మీదో డాక్టరుకి అనుమానమొస్తే, అప్పుడు జీఓటీఎస్ గుర్తున్న లేత రంగుది ఒకటి కొని చూడు. షాపులో అడగలేకపోతే సైజు, "లోపల కాటన్, వైరు లేనిది" అని చీటీ మీద రాసి ఇవ్వు. నా దగ్గరికి వచ్చేవాళ్లకి నేనే రాసిస్తాను.

ప్రశ్న: అమ్మా, మా ఊళ్లో కలంకారీ వేసే గుడ్డ, రంగులు అన్నీ సహజమే కదా. మిగిలిన జాకెట్ ముక్కతో మా పాపకి మొదటి బ్రా కుట్టించవచ్చా? పాపకి 12 ఏళ్లు.
— శ్రీకాళహస్తి

జవాబు: వద్దమ్మా. కరక్కాయ, పాలు పట్టించి, బెల్లం నీళ్లలో ఇనుము నానబెట్టిన నలుపుతో గీసే గుడ్డ అది. దాని అందం పైన వేసుకుంటేనే. చెమటకి రంగు దిగవచ్చు, గుడ్డా గట్టిగా ఉంటుంది. పాపకి రంగు వేయని తెల్ల బనియన్ గుడ్డ రకం, వైరు, స్పాంజి లేనివి రెండు తీసుకోండి. సైజు ఆరు నెలలకోసారి మళ్లీ కొలవండి, ఆ వయసులో త్వరగా మారుతుంది. కొలిచేటప్పుడు తలుపు వేసి, టేపు పాప చేతికే ఇచ్చి, ఎలా పట్టుకోవాలో మీరు పక్కనుండి చెప్పండి.