కత్తిరించాలా, దాచాలా?

ప్రశ్న: మా పిన్ని అమెరికా నుంచి టామ్ టియర్నీ గీసిన, కత్తిరించి బట్టలు మార్చి ఆడుకునే పేపర్ బొమ్మల పుస్తకం తెచ్చింది, అన్నీ పాతకాలం హాలీవుడ్ తారలూ వాళ్ల గౌన్లూ. పాప కత్తెర పట్టుకుని కూర్చుంది, నాకేమో మనసొప్పట్లేదు. ఏం చేయను?

జవాబు: కత్తిరించనివ్వండి, అది ఉన్నదే అందుకు! మరీ ప్రాణం ఒప్పకపోతే మందపాటి కాగితం మీద కలర్ జిరాక్స్ తీయించి ఇవ్వండి. భుజాల దగ్గర వెనక్కి మడిచే చిన్న ముక్కలుంటాయి చూడండి, వాటిని మాత్రం మీరే కత్తిరించండి, అవి తెగితే గౌను బొమ్మ మీద నిలవదు. 1810లో లండన్‌లో వచ్చిన 'లిటిల్ ఫ్యానీ' అనే పేపర్ బొమ్మకి ఈ బాధ లేదు, తల ఒక్కటే విడిగా ఉండేది, దాన్నే ఒక్కో డ్రెస్సుకీ మార్చేవాళ్లు. అన్నట్టు 1976లో వచ్చిన టియర్నీ మొదటి పుస్తకం వాళ్లమ్మకి కానుకగా మొదలెట్టిందే. కత్తిరించాక ముక్కలన్నీ పాత శుభలేఖ కవర్లో వేసి పెట్టండి.