హారర్ సినిమాల్లో ఆటిజం ఉన్న పిల్లలు: చూపించేదాంట్లో నిజమెంత?

ఆటిజం ఉన్న పిల్లలకు దెయ్యాలు కనిపిస్తాయన్నట్టు సైకలాజికల్ హారర్ సినిమాల్లో చూపిస్తారు కదా, అందులో నిజమెంత, దానివల్ల నష్టమేమైనా ఉందా అని అడిగారు. మా అబ్బాయికి ఆటిజం ఉంది. హారర్ సినిమాలంటే నాకు పెళ్లికి ముందు నుంచీ ఇష్టం.

ఈ సినిమాలు చూపే ప్రవర్తన చాలావరకు నిజమే, దాని వెనకున్న కారణాన్ని మాత్రం కత్తిరించేస్తాయి. మా ఇంట్లో కుక్కర్ కూత వేయడానికి కొన్ని క్షణాల ముందే మావాడు చెవులు మూసుకుంటాడు. కూతకు ముందు వచ్చే సన్నని బుసను మనం పట్టించుకోము, వాడికి అది గట్టిగానే వినిపిస్తుంది. సినిమాలో అయితే ఆ పిల్లవాడు రాబోయే కీడును ముందే పసిగట్టినట్టు! అమీర్‌పేటలో మెట్రో ఎక్కి వచ్చిన రోజు అర్ధరాత్రి లేచి, స్టేషన్ ప్రకటనను అదే గొంతుతో, అదే విరుపుతో పదేపదే అప్పజెబుతాడు. స్పీచ్ థెరపిస్టులు దీన్ని ఎకోలేలియా అంటారు. చాలామంది పిల్లలకు అది భాష నేర్చుకునే దారి, మనసు కుదుటపరచుకునే మార్గం కూడా. దానికే చీకటి గదినీ నేపథ్య సంగీతాన్నీ జోడిస్తే ప్రేక్షకుడికి పూనకంలా కనిపిస్తుంది.

నష్టం ఇంటి గడప దాకా వస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దావిడ టీవీలో అలాంటి సినిమా ఏదో చూసి, "బాబు ఆ మూలకేసే చూస్తున్నాడు, ఒకసారి తాయత్తు కట్టించమ్మా" అని ప్రేమగానే చెప్పారు. ఆ మూలన తిరుగుతున్నది ఫ్యాన్ నీడ. భూతవైద్యుల చుట్టూ తిరిగి ఆలస్యంగా వచ్చిన కుటుంబాలు థెరపీ సెంటర్ వరండాలో తారసపడుతుంటాయి కాబట్టి, ఆ మాటను నవ్వి వదిలేయలేకపోయాను. వికలాంగులను తెరపై చూపే తీరు గురించి సుప్రీంకోర్టు 2024 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది గానీ, ఆవిడ చూసింది పాత సినిమానే అయి ఉంటుంది.

2020లో వచ్చిన ఇంగ్లిష్ హారర్ సినిమా 'కమ్ ప్లే' కొంత నయం. అందులో మాటలు రాని ఆలివర్ యాప్ సాయంతో మాట్లాడతాడు, భూతం అతని ఆటిజంలోంచి కాకుండా ఫోన్, ట్యాబ్ తెరల గుండా వస్తుంది. అయితే కొడుకు తన కళ్లలోకి చూడడని కుమిలిపోయే తల్లికి చివర్లో ఆ చూపునే బహుమానంగా ఇవ్వడం నాకు నచ్చలేదు. మావాడు గోడవైపు తిరిగి కూర్చునే నేను చెప్పే కథంతా వింటాడు, ఒక్క వాక్యం తప్పినా సరిదిద్దుతాడు.