17 ఏళ్ల ఫాస్ట్ బౌలర్‌కి తగ్గని నడుము నొప్పి: ఎక్స్‌రే బాగుందంటే సరిపోతుందా?

అడిగింది కావలి కుర్రాడు. ఇంటర్ రెండో ఏడు, కుడిచేతి ఫాస్ట్ బౌలర్. రెండు నెలలుగా నడుము కింద ఎడమవైపు నొప్పి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. వారం ఆగితే తగ్గుతుంది, మళ్లీ బంతి పట్టుకుంటే వస్తుంది. సంక్రాంతి టోర్నమెంటులోపు తగ్గాలంటే ఏం చేయాలి, ఏ ఆసనాలు వేయాలి అంటున్నాడు.

తమ్ముడూ, ముందు ఈ సంక్రాంతిని వదిలెయ్. నీ వయసు ఫాస్ట్ బౌలర్‌కి, బౌలింగ్ చేతికి ఎదురువైపు, ఒకేచోట, బౌలింగ్ వేస్తేనే నొప్పి వస్తోందంటే, కాదని తేలేదాకా దాన్ని ఎముక నొప్పి కిందే లెక్కెయ్యాలి. కండరం పట్టేసింది అని స్ప్రే కొట్టుకుంటూ రెండు నెలలు లాగే కేసు కాదిది.

ఎడమవైపే ఎందుకంటే, బంతి వదిలే ముందు నీ ఎడమకాలు నేలను గుద్దుతుంది. ఒంటి బరువుకి ఎన్నో రెట్ల దెబ్బ అది. సరిగ్గా అప్పుడే నడుము వెనక్కి వంగి, ఎడమకి ఒరిగి, తిరుగుతుంది. ఎల్‌4, ఎల్‌5 అనే నడుము కింది పూసల వెనక పార్స్ అనే సన్నటి ఎముక వంతెన ఉంటుంది, ఆ భారమంతా దానిమీదే పడుతుంది. నీ వయసులో ఆ ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. రోజూ నలిగితే ముందు వాపు, ఆ తర్వాత వెంట్రుక వాసి పగులు (స్ట్రెస్ ఫ్రాక్చర్ అనేది దీన్నే), అప్పటికీ ఆపకపోతే పూర్తి విరుగు. మొదటి దశలో మామూలు ఎక్స్‌రేలో ఇది చాలాసార్లు కనపడదు. అందుకే ‘నార్మల్’ అన్న రిపోర్టు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

ఇంట్లో చూసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. గోడ పక్కన ఎడమకాలి మీద నిలబడి మెల్లగా వెనక్కి వంగు. వేలితో చూపించగలిగినంత చిన్నచోట చురుక్కుమంటే అనుమానం బలపడినట్టు. అనలేదని కొట్టిపారేయడానికి మాత్రం లేదు. అలా కాకుండా ముందుకి వంగితే, బెంచీ మీద ఎక్కువసేపు కూర్చుంటే, దగ్గితే నొప్పి పెరిగి కాలిలోకి దిగుతుంటే అది డిస్క్ (పూసల మధ్య ఉండే మెత్త) వైపు చూడాల్సిన సంగతి.

నెల్లూరు పొగతోటలో ఎముకల డాక్టర్లకీ స్కానింగ్ సెంటర్లకీ కొదవ లేదు. డాక్టరుకి ‘ఫాస్ట్ బౌలింగ్ వేస్తాను, పార్స్ దగ్గర స్ట్రెస్ ఫ్రాక్చర్ ఏమో చూడండి సార్’ అని నోరు తెరిచి చెప్పు. నడుము ఎంఆర్‌ఐ రాస్తే, చీటీలో ఈ అనుమానం కూడా రాయించుకో, అందులో స్టిర్ సీక్వెన్స్ అనే రకం ఫొటోలు తీస్తారా అని అడుగు. ఎముకలో వాపు బాగా కనపడేది అలాంటి వాటిలోనే. ఆ మాట లేకపోతే డిస్కులు చూసి ‘బాగుంది’ అని పంపేయొచ్చు. విటమిన్ డి పరీక్ష కూడా చేయించుకో. 60,000 యూనిట్ల పొడి మాత్రం నీ అంతట నువ్వు కొనుక్కుని తాగొద్దు.

రాత్రి నిద్ర లేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్ని కలువు. పొద్దున అరగంట పైగా నడుము బిగుసుకుపోయి తిరిగేకొద్దీ సర్దుకుంటుంటే అది వేరే రకం జబ్బు కావచ్చు, అదీ చెప్పు. పాదం పట్టు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా, ఒంటికి రెంటికి తేడా వచ్చినా అదే రోజు ఆసుపత్రికి పో.

ఇక చేయకూడనివి. నడుము తొక్కించుకోవడం, కట్టు కట్టించుకుని ఆడటం, ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని గ్రౌండ్‌లోకి దిగడం. సూది పగులును అతికించదు, పగిలేటప్పుడు చెప్పే నొప్పిని నొక్కేస్తుంది, అంతే. పైగా ఎండలో చెమటోడ్చి నీళ్లు చాలని ఒంటికి ఆ నొప్పి మందులు కిడ్నీల మీద భారం. ఆసనాల్లో నడుము నొప్పి అనగానే అందరూ చెప్పేది భుజంగాసనం. డిస్క్ వాళ్లలో కొందరికి మేలేమో గానీ, పార్స్ దెబ్బకి అదే విషం. చక్రాసనం, ధనురాసనం, సూర్యనమస్కారాల్లో వెనక్కి వంగే భంగిమలు, జిమ్‌లో బోర్లా పడుకుని చేతులు, కాళ్లు పైకి లేపే సూపర్‌మ్యాన్, అన్నీ బంద్.

పగులు అని తేలితే సాధారణంగా మూడు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, బౌలింగ్ ఉండదు. బౌలింగ్ ఆపమంటే మంచం పట్టమని కాదు. నడక మొదటి రోజు నుంచే. నొప్పి లేనంత వరకు ఫిజియో సలహాతో ఇవి మొదలుపెట్టొచ్చు.

బర్డ్ డాగ్: అరచేతులు భుజాల కింద, మోకాళ్లు తుంటి కింద. కుడిచెయ్యి, ఎడమకాలు చాపి 10 సెకన్లు. కాలు తుంటి ఎత్తుకి మించి లేపొద్దు. అందరూ చెడగొట్టేది ఇక్కడే. కాలు పైకెత్తితే నడుము గుంటపడి, ఏది తప్పించాలనుకున్నామో అదే మళ్లీ చేసినట్టవుతుంది. నడుము మీద నీళ్ల సీసా అడ్డంగా పెట్టుకో, దొర్లిందంటే తుంటి తిరుగుతున్నట్టు. ఒక్కో వైపు 6 సార్లు, కాస్త ఆగి 4, మళ్లీ 2. సైడ్ ప్లాంక్ (పక్కకి తిరిగి, మోచేతి మీద ఒళ్లు లేపి నిలపడం) మోకాళ్లు మడిచి, మోచెయ్యి సరిగ్గా భుజం కింద పెట్టి, ఇదే లెక్క. తొడ వెనక కండరాలకి తుండుగుడ్డ పాదానికి వేసి వెల్లకిలా పడుకుని 30 సెకన్లు, మూడుసార్లు. నిలబడి కాలివేళ్లు పట్టుకునే పద్ధతి వద్దు. నెల దాటాక ఫిజియో సరే అంటే 10 కిలోల బియ్యం సంచి గుండెకి హత్తుకుని స్క్వాట్లు. తుంటి, తొడలు బలపడకపోతే తిరిగొచ్చినా అదే నడుము మోయాలి.

మళ్లీ బౌలింగ్‌కి తేదీ పెట్టుకోవద్దు, బంతులు లెక్కపెట్టు. ముందు 20 నిమిషాల జాగింగ్, తర్వాత స్ప్రింట్లు, నొప్పి లేకుండా. అప్పుడు వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, పొట్టి రనప్‌తో సగం వేగంలో 12 బంతులు. వారానికి 6 బంతులు పెంచు, లేదా వేగం పెంచు. రెండూ ఒకేసారి వద్దు. మర్నాడు పొద్దున నొప్పి తగిలితే ఒక మెట్టు కిందికి దిగు.

స్నేహితుడి చేత ఫోన్‌లో స్లో మోషన్ వీడియో వెనక నుంచి తీయించు. వెనక కాలు పడేటప్పుడు తుంటి బ్యాట్స్‌మన్ వైపు తిరిగి, భుజాలు పక్కకి ఉంటే దాన్ని మిక్స్‌డ్ యాక్షన్ అంటారు, నడుముని మెలితిప్పేది అదే. తుంటి, భుజాలు ఒకే వైపు ఉండేలా కోచ్ దగ్గర మార్చుకోవాలి, ఈ ఖాళీ కాలమే దానికి అదను. సిమెంటు మీద మ్యాటింగ్ వేసిన పిచ్‌ల మీద రోజూ పూర్తి వేగంతో వేయకు. ముందుకాలు పడేచోట గుంట ఉంటే పూడ్చాకే రనప్ మొదలుపెట్టు.

వెనకబడిపోతానని భయమా? బుమ్రాకి 2019లో నడుములో స్ట్రెస్ ఫ్రాక్చర్. నడుము వల్లే 2022 టీ20 ప్రపంచకప్ పోయింది, 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో ఆపరేషన్, ఆగస్టులో ఐర్లాండ్ మీద మళ్లీ బంతి పట్టాడు. నీ వయసులో సకాలంలో ఆపిన వాళ్లలో ఎక్కువమందికి ఆపరేషన్ దాకా రాదు.

ఇంగ్లండ్ బోర్డు మార్గదర్శకాల్లో 16, 17 ఏళ్ల ఫాస్ట్ బౌలర్లకి స్పెల్‌కి 7 ఓవర్లు, రోజుకి 18 ఓవర్లు హద్దుగా పెట్టారు. మన దగ్గర ఆదివారం పొద్దున కావలిలో ఒక మ్యాచ్, మధ్యాహ్నం సింగరాయకొండలో ఇంకొకటి, మధ్యలో నెట్స్. లెక్క ఎవడూ వేయడు. నోటుబుక్కులో నువ్వే రాసుకో. టెన్నిస్ బాల్ మ్యాచ్‌లో వేసినవి కూడా కలుపు.